తెర మీది ప్రయోగాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

ఈసారి ఉత్తరం రాసినవారు ఒక సైన్సు ఉపాధ్యాయురాలు. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు పాఠాలు చెబుతారు. వారి బడిలో ప్రయోగశాల అంటే ఒక బీరువా, అందులో కొన్ని పరీక్షనాళికలు, రెండు అయస్కాంతాలు, పనిచేయని ఒక త్రాసు. అందువల్ల కొన్నేళ్లుగా ఆమె ప్రయోగాల వీడియోలను ఇంటర్నెట్‌లో వెతికి తరగతిలో చూపిస్తున్నారు. పిల్లలు ఎదురుచూసి మరీ చూసేవారు, ఆమెకూ తృప్తిగా ఉండేది. ఈ మధ్య జరిగిన రెండు సంఘటనలు ఆ తృప్తిని పోగొట్టాయి, తన పాఠం విఫలమైందని ఆమె రాశారు.

మొదటిది అందరికీ తెలిసిన ప్రయోగానికి సంబంధించినది. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోయి గ్లాసులోకి నీరు ఎక్కుతుంది. కొవ్వొత్తి గ్లాసులోని ఆక్సిజన్‌నంతా వాడేసిందని, ఆ ఖాళీలోకి నీరు చేరిందని, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉందనడానికి ఇదే రుజువని వీడియోలోని వ్యాఖ్యాత చెప్పారు. ఈమె కూడా తరగతిలో అదే చెప్పారు. మర్నాడు ఒక అమ్మాయి ఇంట్లో అదే గ్లాసుతో మూడు కొవ్వొత్తులు పెట్టి చేశానని, నీరు అంతకన్నా చాలా ఎత్తుకు ఎక్కిందని చెప్పి, "గ్లాసు అదే కదా టీచర్, మరి ఆక్సిజన్ ఎలా పెరిగింది?" అని అడిగింది. ఆమె దగ్గర జవాబు లేదు. రెండో సంఘటన ఇంకా బాధాకరమైనది. ఆమె పిల్లలకు పంపిన ఒక మంచి వీడియో ముగియగానే దాని వెంటే వచ్చిన మరో వీడియో చూసి, ఒక అబ్బాయి అరచేతిలో శానిటైజర్ పోసుకుని నిప్పంటించుకున్నాడు. వేళ్లు కాలాయి. గాయం మానింది గాని, తల్లిదండ్రులు బడికి వచ్చి ఈమెను నిలదీశారు. ఇకమీదట వీడియోలు వద్దని ప్రధానోపాధ్యాయుడు అన్నారు. పుస్తకంలో ఉన్నది చెబితే ఏ గొడవా ఉండదని, ఆమెకన్నా వయసులో పెద్దవారైన సహోద్యోగి సలహా ఇచ్చారు.

"లక్షల మంది చూసిన వీడియోయే తప్పు చెబితే నేను దేన్ని నమ్మాలి? నమ్మదగిన ఛానెళ్ల పేర్లు చెప్పండి, చాలు. లేదంటే అసలు వీడియోలే మానేయాలా? ఆ అమ్మాయికి ఇప్పుడు ఏమని చెప్పాలి?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

మీ పాఠం విఫలమైందని మీరు రాశారు. నాకు అలా అనిపించలేదు. తెర మీద చూసినదాన్ని చూసి వదిలేయకుండా, ఒక్క అంశాన్ని మాత్రం మార్చి మళ్లీ చేసి, వచ్చిన ఫలితాన్ని మీ ముందు పెట్టిన పిల్ల మీ తరగతిలో ఉంది. సైన్సు బోధించేవారు కోరుకునేది అదే. ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తర్వాత రాస్తాను. ముందుగా, మీరు ఒకే ముడిగా చూస్తున్న విషయంలో మూడు వేర్వేరు పోగులు ఉన్నాయని చెప్పాలి.

ఒక ప్రయోగం వీడియోను నమ్మవచ్చా అని మనం అడిగినప్పుడు నిజానికి మూడు సంగతులు అడుగుతున్నాం. తెర మీద కనిపించినది నిజంగా జరిగిందా? జరిగినదానికి ఇచ్చిన వివరణ సరైనదేనా? దాన్ని చూసిన పిల్లవాడు ఇంట్లో అదే చేస్తే ప్రమాదం ఉందా? ఈ మూడింటికీ జవాబులు ఒకచోట దొరకవు. మీకు ఇబ్బంది తెచ్చిన రెండు వీడియోల్లోనూ కనికట్టు లేదు. మొదటిదానిలో నీరు నిజంగానే ఎక్కింది, వివరణ తప్పింది. రెండోదానిలో మంట నిజంగానే మండింది, దాని ప్రమాదాన్ని దాచిపెట్టారు. మీరు ఎంత పేరున్న ఛానెల్‌ను ఎంచుకున్నా, ఈ మూడు ప్రశ్నలనూ విడివిడిగా వేయకపోతే ఇలాంటి ఇబ్బంది మళ్లీ ఎదురుకావచ్చు.

మొదటి ప్రశ్న మిగతా రెండింటికన్నా తేలికైనది. 2008లో కొన్ని మొబైల్ ఫోన్లను బల్ల మీద ఎదురెదురుగా పెట్టి ఒకేసారి మోగిస్తే మధ్యనున్న మొక్కజొన్న గింజలు పేలాలుగా ఎగిరిపడే వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. అవి ఒక బ్లూటూత్ హెడ్‌సెట్ కంపెనీ చేయించిన ప్రకటనలని తర్వాత తెలిసింది. దాన్ని పట్టుకోవడానికి ఎడిటింగ్ నైపుణ్యం అక్కరలేదు. మొక్కజొన్న గింజ పేలాలంటే దాని లోపల దాదాపు 180 డిగ్రీల సెల్సియస్ వేడి పుట్టాలి. మైక్రోవేవ్ ఓవెన్ వందల వాట్ల శక్తిని ఒక మూసిన పెట్టెలో గింజల మీదికి పంపితే గాని అది జరగదు. ఫోను వెలువరించే శక్తి మహా అయితే ఒకటి రెండు వాట్లు, అదీ అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. నిమ్మకాయతో ఫోను ఛార్జ్ చేసే వీడియోలను కూడా ఇలాగే తేల్చవచ్చు. జింకు మేకు, రాగి ముక్క గుచ్చిన నిమ్మకాయ ఇచ్చేది ఒక వోల్టుకు కాస్త తక్కువ, విద్యుత్ ప్రవాహం ఒక మిల్లీ ఆంపియర్ లోపు. ఫోను ఛార్జ్ కావడానికి 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ కావాలనుకుంటే, ఎన్ని నిమ్మకాయలు కావాలో పిల్లలే లెక్కవేయగలరు. జవాబు వేలల్లో వస్తుంది. ఇలాంటి లెక్క ఒకసారి చేయించారంటే, బ్యాటరీ లేకుండా అయస్కాంతాలతో ఎప్పటికీ తిరిగే మోటారు వీడియోను వాళ్లకు మీరు ఖండించి చెప్పవలసిన అవసరం ఉండదు.

కృత్రిమ మేధతో తయారైన వీడియోలు వచ్చాక కంటితో పట్టుకోవడం కష్టమైంది. నీడలు కుదరకపోవడం, పాత్రలోని ద్రవం మట్టం అకారణంగా మారడం వంటి గుర్తులు ఇప్పటికి కొంత పనికొస్తున్నాయి గాని, ఆ లోపాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. అందుచేత బొమ్మను అనుమానంగా పరీక్షించడం కన్నా, వీడియోలో కొలతలు ఉన్నాయో లేదో చూడటం మేలు. ఎంత పదార్థం, ఎంత నీరు, ఎంతసేపు, ఏ ఉష్ణోగ్రత అని చెప్పే వీడియోను మరొకరు చేసి సరిచూడవచ్చు. ఏ కొలతా చెప్పకుండా సంగీతం, ఆశ్చర్యంతో నోళ్లు తెరిచిన ముఖాలు మాత్రమే చూపే వీడియో నిజమైనదే కావచ్చు, అయినా తరగతిలో దానివల్ల ఉపయోగం లేదు. అదే ప్రయోగాన్ని, ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ముగ్గురు చేసి చూపారా అని వెతకడం కూడా అలవాటు చేసుకోండి.

అసలు కష్టమంతా రెండో ప్రశ్నలో ఉంది. తప్పు వివరణ ఇచ్చేవారు చాలావరకు మోసగాళ్లు కారు. తమకు బడిలో చెప్పినదాన్నే నిజాయితీగా తిరిగి చెబుతున్నారు. మీ కొవ్వొత్తి ప్రయోగాన్నే చూద్దాం. మంట పైకి గ్లాసు దించేటప్పుడే అందులోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత గాలి బయటికి పోతుంది. గ్లాసు అంచు నీటిని తాకాక కూడా జాగ్రత్తగా చూస్తే అంచు కిందనుంచి బుడగలు రావడం చాలాసార్లు కనిపిస్తుంది. మంట ఆరాక లోపల మిగిలిన వాయువు చల్లబడి సంకోచిస్తుంది, మండటం వల్ల పుట్టిన నీటి ఆవిరి గాజు గోడల మీద నీరుగా మారుతుంది. లోపలి పీడనం తగ్గడంతో బయటి గాలి పీడనం పళ్లెంలోని నీటిని లోపలికి నెడుతుంది. మూడు కొవ్వొత్తులు పెట్టినప్పుడు గాలి ఇంకా ఎక్కువ వేడెక్కి, ఇంకా ఎక్కువ గాలి బయటికి పోయింది కాబట్టి నీరు ఇంకా ఎత్తుకు ఎక్కింది. ఆక్సిజన్ పెరగలేదు. ఆ అమ్మాయి చేసినది వీడియో ఇచ్చిన వివరణను పడగొట్టే ప్రయోగమే.

ఆక్సిజన్ పాత్ర ఏమీ లేదని కాదు, దాని వాటా చాలా చిన్నది. కొవ్వొత్తి మంట ఆక్సిజన్ మొత్తం అయిపోయేదాకా మండదు. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ సుమారు 16 శాతానికి తగ్గేసరికే ఆరిపోతుంది. పైగా వాడిన ఆక్సిజన్‌కు బదులుగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. పారఫిన్ మైనంలో ఉండే ఒక అణువును తీసుకుంటే, 25 కార్బన్లు ఉన్న అణువు మండటానికి 38 ఆక్సిజన్ అణువులు ఖర్చవుతాయి, 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు తయారవుతాయి. అంటే పోయిన వాయువులో దాదాపు మూడింట రెండు వంతులు మరో వాయువు రూపంలో తిరిగి వస్తుంది. అది ఆ కొద్ది క్షణాల్లో నీటిలో అంతగా కరిగిపోదు. మరి కొన్ని వీడియోల్లో నీరు సరిగ్గా ఐదో వంతు దగ్గర ఎందుకు ఆగుతుంది? గ్లాసు పరిమాణం, కొవ్వొత్తుల సంఖ్య, గ్లాసు దించిన వేగం మారుస్తూ పోతే ఏదో ఒక చోట ఐదో వంతు వస్తుంది. అలా వచ్చినదాన్నే చూపిస్తారు.

ఈ ఉదాహరణను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. వివరణ సరైనదో కాదో తేల్చే ఒక పద్ధతి ఇందులోనే ఉంది, దానికి మీకు ప్రయోగశాల అక్కరలేదు. ఆ వివరణే నిజమైతే ఇంకేం జరగాలి అని అడగాలి. ఆక్సిజన్ ఖర్చు కావడమే కారణమైతే, కొవ్వొత్తి మండుతున్నంతసేపూ నీరు నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి. చూస్తే మాత్రం ఎక్కువ భాగం మంట ఆరబోయేటప్పుడు, ఆరిన తర్వాత గబగబా ఎక్కుతుంది. అలాగే మంట లేకుండా ఎక్కకూడదు. గ్లాసును వేడినీటితో కడిగి, వెంటనే నీళ్ల పళ్లెంలో బోర్లించి చూడండి, ఏదీ మండకుండానే నీరు లోపలికి వస్తుంది. ఇలా ఒక వివరణను పరీక్షకు నిలబెట్టే వీడియో, అంటే ఒక అంశాన్ని మార్చి, మిగతావాటిని అలాగే ఉంచి, తేడా చూపే వీడియో కనిపిస్తే దాన్ని భద్రపరచుకోండి. ఆ పని చేసినవారి మిగతా వీడియోలు కూడా చూడదగినవే అయి ఉంటాయి.

ఇలా మిగతా అంశాలేవీ మారకుండా చూసుకోవడాన్ని నియంత్రణ అంటారు. దానికి ఎంత ఓపిక కావాలో చెప్పడానికి మరొక ఉదాహరణ ఇస్తాను. భూమధ్యరేఖకు ఉత్తరాన తొట్టిలోని నీరు ఒక దిక్కున, దక్షిణాన మరో దిక్కున సుడి తిరుగుతూ ఖాళీ అవుతుందని, ఆ రేఖకు అటు పది అడుగులు, ఇటు పది అడుగులు నడిచి చూపే వీడియోలు మీరు చూసే ఉంటారు. భూభ్రమణ ప్రభావం చిన్న తొట్టిలో అత్యల్పం, భూమధ్యరేఖ దగ్గర దాదాపు శూన్యం. అక్కడ సుడి దిక్కును నిర్ణయించేది నీరు పోసిన తీరు, తొట్టిని తిప్పిన తీరు. ఆ ప్రభావాన్ని నిజంగా చూపదలచుకున్న యాషర్ షపీరో అనే ఆచార్యుడు 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే సాంకేతిక విద్యాసంస్థలో ఆరు అడుగుల వ్యాసం గల గుండ్రని తొట్టిని తీసుకుని, ఆరు అంగుళాల లోతు నీరు నింపి, నీటిలోని కదలికలన్నీ అణగిపోవడానికి 24 గంటలు ఆగి, అప్పుడు అడుగున ఉన్న చిన్న రంధ్రాన్ని తెరిచారు. మొదట కొన్ని నిమిషాల పాటు ఏ సుడీ కనిపించలేదు, తర్వాత నెమ్మదిగా ఉత్తరార్ధగోళంలో రావలసిన దిక్కునే వచ్చింది. 1965లో సిడ్నీలో కూడా ఇలాగే చేసి, వ్యతిరేక దిక్కును చూశారు. కొద్ది క్షణాల్లో పూర్తయ్యే వీడియోకూ ఈ పనికీ మధ్య ఉన్న దూరం గురించే ఒక తరగతి మొత్తం మాట్లాడవచ్చు.

చెప్పేవారి హోదా చూసి నమ్మితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. హోదా కొంతవరకు పనికొస్తుంది, చివరి మాట మాత్రం దానిది కాదు. గాలి వీచే దిక్కులోనే, గాలికన్నా వేగంగా, గాలి శక్తితోనే నడిచే బండి ఒకటి ఉంది. 2010లో అది గాలి వేగానికి రెండున్నర రెట్లకు పైగా వేగంతో నడిచినట్టు అధికారికంగా నమోదైంది. 2021లో వెరిటాసియం అనే ఛానెల్‌లో ఆ బండి గురించి వచ్చిన వీడియో చూసి, అది అసాధ్యమని ఒక భౌతికశాస్త్ర ఆచార్యుడు పందెం కట్టారు. చర్చలు జరిగాయి, నడిచే పట్టీ (ట్రెడ్‌మిల్) మీద చిన్న నమూనాతో మళ్లీ చేసి చూపారు, చివరికి ఆయన ఒప్పుకున్నారు. ఆ వీడియోను నిలబెట్టినది ఎవరైనా మళ్లీ చేసి చూడగల ఆ చిన్న నమూనా. ఈ ఉదంతంలో ఇరుపక్షాలూ ప్రవర్తించిన తీరు నాకు ఎంతో గౌరవం కలిగించింది, మీ పై తరగతుల పిల్లలకు దీన్ని తప్పక చెప్పండి. తమ పాత వీడియోలోని పొరపాటును కింద వివరంగా రాసి దిద్దుకునేవారిని కూడా అదే గౌరవంతో చూడాలి. ఎన్ని లక్షల మంది చూశారన్న అంకె మాత్రం, ఆ వీడియో ఎంత ఆకర్షణీయంగా ఉందో చెబుతుందే తప్ప ఇంకేమీ చెప్పదు.

ఇక మూడో ప్రశ్న, ప్రమాదం సంగతి. ఇక్కడ నేను మెత్తగా చెప్పలేను. శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాల్, దాని మంట వెలుతురులో దాదాపు కనిపించదు. ఆరిందనుకుని చెయ్యి దులిపితే మంట అంటుకున్న ద్రవం మరోచోట పడుతుంది. కాలితే వెంటనే చేయవలసినది 20 నిమిషాల పాటు చల్లని కుళాయి నీటి ధార కింద పెట్టడం, ఈ మాట పిల్లలందరికీ తెలిసి ఉండాలి. తరగతి గదుల్లోనే ఎందరినో గాయపరిచిన ప్రయోగం మరొకటి ఉంది. లోహ లవణాల మీద మిథనాల్ పోసి రంగురంగుల మంటలు చూపేది. మంట తగ్గినట్టు కనిపించగానే సీసాతో మళ్లీ మిథనాల్ పోస్తే, ఆవిరి అంటుకుని మంట సీసాలోకి వెళ్లి, ముందు వరసలో ఉన్నవారి మీదికి చిమ్ముతుంది. అమెరికా రసాయన భద్రతా మండలి 2014లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరించింది. అమెరికన్ కెమికల్ సొసైటీ కూడా ఈ పద్ధతిని మానమని చెప్పింది. అవే రంగులు చూడాలంటే, లవణ ద్రావణంలో నానబెట్టిన చెక్కపుల్లలను బర్నర్ మంటలో పెడితే చాలు. ఇంత జరిగినా ఆ పాత పద్ధతి చూపే వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. అమోనియం డైక్రోమేట్‌తో చేసే నారింజ రంగు "అగ్నిపర్వతం" కూడా అటువంటిదే, అందులోని క్రోమియం రూపం క్యాన్సర్ కారకం. పాత మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్‌ను విప్పి చెక్క మీద మెరుపు గీతలు కాల్చే వీడియోలను చూసి అనుకరించినవారు ప్రాణాలు పోగొట్టుకున్నారు, అది దాదాపు 2000 వోల్టుల విద్యుత్తు. నురుగు పైకి ఎగజిమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రయోగంలో 3 శాతం ద్రావణం వాడారా, 30 శాతం వాడారా అన్నది చెప్పని వీడియోను పిల్లలకు పంపకూడదు. మొదటిది జాగ్రత్తతో చేయించవచ్చు, రెండోది చర్మాన్ని కాలుస్తుంది.

ఇప్పుడు మీరు అడిగిన పేర్లు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825 నుంచి పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు నడుపుతోంది. మైఖేల్ ఫారడే కొవ్వొత్తి మీద ఇచ్చిన ఉపన్యాసాలు అక్కడివే. ఇటీవలి ఉపన్యాసాలు, వేదిక మీద చేసిన ప్రయోగాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు 2008లో మొదలుపెట్టిన "పీరియాడిక్ వీడియోస్"లో ప్రతి మూలకానికీ ఒక వీడియో ఉంది. అవి చూడటానికే, చేయడానికి కావు. హార్వర్డ్, ఎం.ఐ.టి. వంటి చోట్ల పాఠాల కోసం చేసిన భౌతికశాస్త్ర ప్రదర్శనలు హంగు లేకుండా, స్పష్టంగా ఉంటాయి. పిల్లలతో చేయించడానికైతే శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియం "సైన్స్ స్నాక్స్" పేరుతో పెట్టిన ప్రయోగాలు, పారేసే వస్తువులతో బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా చిన్న చిత్రాలు మీకు ఎక్కువగా ఉపయోగపడతాయి. ఏ ప్రయోగానికి ఏ ప్రమాదం ఉందో, ఎంత పరిమాణం వాడాలో ఉపాధ్యాయుల కోసం రాసి పెట్టినది రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ. ఏ రసాయన ప్రయోగమైనా తలపెట్టే ముందు అక్కడ చూడటం మంచిది. కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ అనుకరణలు కూడా గొప్ప వనరు. అయితే అనుకరణ ప్రయోగం కాదని పిల్లలకు చెప్పాలి. అందులో కనిపించేది ప్రకృతి ఇచ్చిన జవాబు కాదు, తయారుచేసినవారు ముందుగా రాసిన సూత్రం. తయారుచేసినవారు నిపుణులు కాబట్టి నమ్ముతాం, అంతే.

మంచి వీడియో దొరికినంత మాత్రాన పిల్లలు నేర్చుకుంటారా అన్నది మీరు అడగలేదు. కానీ మీ ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడేటప్పుడు అది మీకు కావలసిన విషయం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రయోగాన్ని ఊరికే చూసిన విద్యార్థులకు, అసలు చూడనివారికన్నా చెప్పుకోదగినంత ఎక్కువ అర్థం కాలేదని తేలింది. ఏం జరుగుతుందో ముందుగా ఊహించి చెప్పి ఆ తర్వాత చూసినవారికి మాత్రం బాగా అర్థమైంది. వెరిటాసియం నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన కూడా ఇటువంటిదే చెప్పింది. తేటగా, సాఫీగా సాగే వివరణ చూసినవారు తమకు అర్థమైందని ధీమాగా చెప్పారు గాని పరీక్షలో పెద్దగా మెరుగుపడలేదు. సాధారణంగా ఉండే అపోహను ముందు చర్చకు పెట్టి తర్వాత సరిదిద్దిన వీడియో చూసినవారు గందరగోళంగా ఉందన్నారు, కానీ వారే ఎక్కువ నేర్చుకున్నారు. కాబట్టి వీడియోను కీలకమైన క్షణానికి ముందు ఆపి, ప్రతి ఒక్కరి చేతా ఏం జరుగుతుందో, ఎందుకో రాయించి, అప్పుడు మిగతాది చూపండి. ధ్వని ఆపేసి చూపితే ఇంకా మంచిది, వివరణ వెతకవలసిన బాధ్యత అప్పుడు పిల్లల మీద పడుతుంది.

ఇన్ని చెప్పాక, మీ ముందున్న దారులు ఏమిటో చూద్దాం. వీడియోలు పూర్తిగా మానేయవచ్చు. మీకు ఇక ఎవరూ ఎదురు చెప్పరు. అయితే పిల్లలు ఇంట్లో అవే వీడియోలు చూస్తూనే ఉంటారు, వాటి గురించి అడగడానికి ఒక పెద్ద మనిషి మాత్రం ఉండరు. శానిటైజర్ వీడియో మీ తరగతిలో చూపినది కాదన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. మీ సహోద్యోగి చెప్పినట్టు పుస్తకానికే పరిమితం కావచ్చు, కానీ కొవ్వొత్తి గురించిన ఆ తప్పు వివరణ వీడియోల కన్నా ఎంతో ముందు నుంచే పాఠ్యపుస్తకాల్లో ఉంటూ వచ్చింది. పుస్తకాన్ని కూడా అదే ప్రశ్నతో పరీక్షించవలసి ఉంటుంది. పైన చెప్పిన సంస్థల వీడియోలను మాత్రమే వాడతానని నియమం పెట్టుకుంటే వెతికే శ్రమ తగ్గుతుంది, తప్పులు చాలా తగ్గుతాయి. కానీ వాటిలో అధికభాగం ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని మీ పిల్లల స్థాయికి మించినవి, మీరు పక్కన నిలబడి చెప్పక తప్పదు. లేదా, చేతికి అందే సామగ్రితో చేయగలిగినవన్నీ తరగతిలోనే చేసి, చేయలేనివాటికే వీడియోను ఉంచుకోవచ్చు. 1971 ఆగస్టు 2న అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసి నేలను తాకిన దృశ్యం అటువంటిది, ఆ పాఠానికి వీడియో తప్ప వేరే దారి లేదు. సోడియం నీటిలో పడటం కూడా తెర మీద చూడవలసినదే. నా మొగ్గు ఈ దారి వైపే, కానీ ఇది మీ సమయాన్ని ఎక్కువగా అడుగుతుంది. ఏ ప్రయోగాన్నైనా ముందురోజు మీరు ఒకసారి చేసి చూసుకోవాలి. వారానికి ఉన్న పీరియడ్లలో అది సాధ్యమో కాదో తేల్చవలసింది మీరే.

ఈ దారుల్లో ఏది ఎంచుకున్నా పిల్లలకు లింకు పంపడం మాత్రం మానేయండి. వీడియోను దాని యజమానులు అనుమతించిన చోట ముందే దింపుకుని, లేదా వెంటనే తర్వాతి వీడియో మొదలయ్యే ఏర్పాటును ఆపేసి, తరగతిలోనే చూపండి. మీకు జరిగిన ప్రమాదానికి తలుపు తెరుచుకున్నది అక్కడే.

ఆ అమ్మాయికి చెప్పవలసినది, ఆమె ఒక్కదానికీ విడిగా కాకుండా తరగతి మొత్తానికీ చెప్పండి. ఆమె చూసినది నిజమని, వీడియోలోని వివరణ దానికి నిలబడలేదని చెప్పి, ఒకటి, రెండు, మూడు కొవ్వొత్తులతో అదే గ్లాసు కింద మీరే చేసి, నీరు ఎప్పుడు ఎక్కుతోందో గడియారంతో చూడమనండి. మరి గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ అన్న మాట తప్పా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి. దానికి జవాబుగా వెనిగర్‌లో తడిపి పిండిన ఉక్కు పీచును పరీక్షనాళిక అడుగున కూరి, నాళికను నీళ్ల పాత్రలో బోర్లించి వదిలేయండి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు ఆక్సిజన్ ఘన పదార్థంలోకి వెళ్లిపోతుంది, బదులుగా మరో వాయువు పుట్టదు, వేడి కూడా దాదాపు ఉండదు. ఒకటి రెండు రోజుల్లో నీరు నాళికలో ఐదో వంతు దగ్గరికి చేరుతుంది. కొవ్వొత్తితో రుజువు చేయబోయిన విషయం ఇలా నిజంగా రుజువవుతుంది.

ప్రధానోపాధ్యాయుడి దగ్గరికి వాదనతో కాక కాగితంతో వెళ్లండి. రాబోయే రెండు మూడు పాఠాలకు మీరు చూపదలచిన వీడియోలు ఏవి, ఎవరు తయారుచేశారు, అందులో వివరణను మీరు ఎలా సరిచూశారు, ఇంట్లో అనుకరిస్తే ప్రమాదం ఉందా, ఉంటే పిల్లలకు ఏం చెబుతారు అన్న వివరాలు ఒక్క పేజీలో రాసి ఇవ్వండి. ఆయన వద్దన్నది భయంతో, ఆ భయానికి కారణం ఉంది కాబట్టి, దానికి జవాబు కూడా కంటికి కనిపించేలా ఉండాలి. అప్పటికీ ఒప్పుకోకపోవచ్చు, ఆ పక్షంలో ఈ ఏడాదికి బల్ల మీద చేయగల ప్రయోగాలతోనే గడపవచ్చు, పిల్లలకు పెద్ద నష్టం జరగదు. ఆ అబ్బాయి తల్లిదండ్రులకు కూడా అదే పేజీ చూపించి, వాడి ఫోనులో ఎలాంటి వీడియోలు వరుసగా వస్తున్నాయో ఒకసారి వాడితో కలిసి కూర్చుని చూడమని కోరండి. వాణ్ణి మందలించవద్దని కూడా చెప్పండి. చేసి చూడాలన్న కోరిక వాడికీ, మూడు కొవ్వొత్తులు వెలిగించిన అమ్మాయికీ ఒకటే. వచ్చే ప్రయోగంలో సామగ్రి అందించే పని వాడికి అప్పగిస్తే, ఏది చేయకూడదో వాడు మీ పక్కనే నిలబడి నేర్చుకుంటాడు.